మూడు యంత్రాల గిడ్డంగికి తాళం అవసరమా?

బోధన్ చుట్టుపక్కల పల్లెలలో చెరకు రైతుల ఇండ్లలో పెరిగిన వారికి కటింగ్ ఆర్డరు అంటే ఏమిటో వివరించి చెప్పనవసరం లేదు. ఏ రైతు ఏ తేదీన చెరకు కొట్టి తీసుకొని రావలెనో నిర్ణయించి చక్కెర కర్మాగారం ఇచ్చే చీటీ అది. ఆ చీటీ లేని బండి కాంటా ఎక్కరాదు. 1937లో స్థాపితమై, ఒకనాడు ఆసియా ఖండంలోనే అతి పెద్దదిగా పేరు పొందిన బోధన్ నిజాం చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడినది. అయినా కాంటా దగ్గర బారులు తీరిన బండ్ల కథలు మా ఇండ్లలో ఇంకా చెప్పుకుంటూనే ఉన్నారు. ఆ కథలలో ఒక విషయం మాకు ఎప్పుడూ విచిత్రంగా తోచేది. కాంటా గుమాస్తా, బండి తోలుకొని వచ్చిన రైతు ఒకే ఊరి వారై ఉండవచ్చును. ఒకే హోటలులో చాయ్ తాగే వారై ఉండవచ్చును. అయినా చీటీ చూపక తప్పదు. "ఎరిగిన మనిషినే కదా" అంటే చెల్లదు.

ఈ పాత ముచ్చటను ఇప్పుడు ఎత్తుకోవడానికి కారణం ఉన్నది. గడచిన విద్యా సంవత్సరంలో మా కంప్యూటరు విభాగం విద్యార్థుల మధ్య ఒక వివాదం తలెత్తినది. అది మొదట చిన్న మాటగా పుట్టి, పోను పోను రెండు పక్షాలుగా మమ్ములను విడదీసినది. వివాదాంశం ఇది: మూడే మూడు కంప్యూటర్లను కలిపి కట్టుకున్న చిన్న సమాచార గిడ్డంగికి తాళంచెవుల ఏర్పాటు అవసరమా, లేక అది పెద్ద సంస్థల ఆడంబరాన్ని అనుకరించడం మాత్రమేనా? ఈ విషయంలో మేము ఒక నిర్ణయానికి వచ్చినాము. ఆ నిర్ణయాన్ని, దానికి దారి తీసిన కారణాలను, ఎదుటి పక్షం వారు చెప్పిన మాటలలో ఉన్న నిజాన్ని కూడా పాఠకుల ముందు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా గిడ్డంగి అంటే ఏమిటో రెండు మాటలు. ఒకే కంప్యూటరులో సమాచారాన్ని దాచితే, ఆ కంప్యూటరు చెడిన నాడు సర్వం పోతుంది. అందువలన కొన్ని యంత్రాలను ఒక స్విచ్ ద్వారా కలిపి, ప్రతి సమాచార ఖండాన్నీ రెండు మూడు యంత్రాలలో ప్రతులుగా ఉంచుతారు. ఒకటి ఆగిపోయినా మిగిలినవి పని నడిపిస్తాయి. ఇటువంటి యంత్రాల కూటమినే క్లస్టర్ అంటున్నారు. దీనికి మేము వాడిన సాఫ్ట్‌వేర్ పేరు సెఫ్. అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, శాంతాక్రూజ్ ప్రాంగణంలో సేజ్ వైల్ అనే విద్యార్థి తన పరిశోధనలో భాగంగా దానికి రూపం ఇచ్చినాడు. 2006లో అది విద్వత్సభలో ప్రకటితమైనది. నేడు ప్రపంచంలోని పెద్ద పెద్ద సంస్థలు వాడుతున్న ఆ సాఫ్ట్‌వేరును, ఎవరికీ రూపాయి చెల్లించకుండా, మూడు పాత కంప్యూటర్లపై మా వంటి వారమూ నడుపుకోవచ్చును. పేద కళాశాలలకు ఇది గొప్ప వరమనడంలో అతిశయోక్తి లేదు.

సెఫ్‌లో తాళంచెవుల పద్ధతి ఒకటి ఉన్నది. దాని పేరు సెఫెక్స్. 2013 జనవరిలో విడుదలైన బాబ్‌టెయిల్ అనే సంచిక నాటికే అది ఎవరూ అడగకుండానే అమలులో ఉండే నియమమైనది. కాబట్టి అసలు ప్రశ్న "తాళం వేద్దామా" అనేది కాదు, "వేసి ఉన్న తాళాన్ని తీసివేద్దామా" అనేది. ఈ తేడా చిన్నది కాదు. ఉన్న తాళాన్ని తీసివేయవలెనని కోరే వారే కారణం చూపవలసి ఉన్నది.

తీసివేయవలెనన్న మిత్రులు కారణాలు చూపలేదని అనజాలము. వారు మూడు మాటలు చెప్పినారు. మొదటిది: ఈ మూడు యంత్రాలు ఒక గదిలో, ఒక స్విచ్‌కు మాత్రమే కలిపి ఉన్నవి, గదికి తాళం ఉన్నది, బయటి ప్రపంచంతో సంబంధమే లేదు, ఇక లోపల మరొక తాళం ఎందుకు? రెండవది: ఇందులో దాచినది బ్యాంకు ధనమా, సైనిక రహస్యమా? పేద విద్యార్థుల కాగితాలను ఎవరు దొంగిలిస్తారు? మూడవది: తాళంచెవుల వలన యంత్రాలపై భారం, మనుషులపై అంతకంటే ఎక్కువ భారం, చెవి పోతే గతి ఏమి? ఈ మూడు ప్రశ్నలకూ సమాధానం చెప్పకుండా "భద్రత ముఖ్యం" అని నినాదం చేయడం విద్యావంతుల లక్షణం కాదు.

సమాధానానికి ముందు, ఈ తాళంచెవి ఏమి చేస్తుందో తెలుసుకొనవలెను. సెఫెక్స్ పద్ధతికి మూలం కెర్బెరాస్. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో 1983లో ఆరంభమైన అథీనా ప్రాజెక్టు కోసం దానిని రూపొందించినారు. గ్రీకు పురాణాలలో పాతాళ ద్వారాన్ని కాచే మూడు తలల కుక్క పేరును దానికి పెట్టినారు. ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటి ఉన్నది. ఆ పద్ధతి బ్యాంకుల కోసం పుట్టలేదు, సైన్యం కోసం పుట్టలేదు. విద్యార్థులు వచ్చి పోయే కళాశాల ప్రాంగణంలో, ఏ యంత్రం ముందు ఎవరు కూర్చున్నారో నమ్మడానికి వీలులేని స్థితిలో, విద్యార్థుల కోసమే పుట్టినది. అనగా ఈ తాళం మన వంటి వారి తాళమే.

అది పని చేసే తీరు కటింగ్ ఆర్డరును పోలి ఉంటుంది. గిడ్డంగిలో మానిటర్ అనే పర్యవేక్షక భాగం ఉంటుంది. ప్రతి వాడకందారుకూ ఒక రహస్యపు చెవి ఉంటుంది. దాని ప్రతి మానిటర్ వద్ద కూడా ఉంటుంది. వాడకందారు తన పేరు చెప్పగానే, మానిటర్ ఆ చెవితో మాత్రమే తెరవగల ఒక మూటను పంపుతుంది. చెవి ఉన్నవాడు మూటను విప్పగలడు, లేనివాడు విప్పలేడు. అసలు చెవి మాత్రం ఒక్కసారి కూడా తీగపైన ప్రయాణం చేయదు. మూట విప్పిన వానికి చీటీ దొరుకుతుంది. ఆ చీటీ చూపితే సమాచారాన్ని దాచిన యంత్రాలు తలుపు తీస్తాయి. కాంటా గుమాస్తా ప్రతి బండికీ కచేరికి పోయి విచారించనట్లే, అవి కూడా ప్రతిసారీ మానిటర్‌ను అడగవు. చీటీకి గడువు ఉంటుంది. మామూలుగా ఒక గంట. గడువు తీరితే కొత్త చీటీ తీసుకొనవలెను. ఈ పరీక్ష ఒక వైపే జరగదు. వాడకందారు నిజమైన వాడా అని గిడ్డంగి చూసినట్లే, గిడ్డంగి నిజమైనదా అని వాడకందారు కూడా చూసుకొనవచ్చును.

ఇక మొదటి ఆక్షేపణకు వద్దాము. గదికి తాళం ఉన్నప్పుడు యంత్రానికి తాళం ఎందుకు? దీనికి జవాబు వెదకడానికి మనం దూర దేశాలకు పోనవసరం లేదు. 2023 మార్చిలో తెలంగాణ రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ ప్రశ్నపత్రాల లీకేజీ బయటపడినప్పుడు మన రాష్ట్రంలో ప్రతి నిరుద్యోగి ఇంటిలోనూ అదే చర్చ. బయటి దేశపు దొంగ ఎవడో వచ్చి గోడ దూకినాడని పోలీసులు చెప్పలేదు. కమిషన్ కార్యాలయంలోనే పని చేసే వారు, కార్యాలయపు లోపలి నెట్‌వర్క్ ద్వారా, రహస్య విభాగపు కంప్యూటరులోకి మరొకరి పాస్‌వర్డుతో ప్రవేశించి పత్రాలను సంగ్రహించినారన్నది పోలీసుల అభియోగం. దాని ఫలితంగా 2022 అక్టోబరు 16న జరిగిన గ్రూప్-1 ప్రాథమిక పరీక్ష రద్దయినది. ఆ పరీక్ష వ్రాసిన వారు 2 లక్షల 80 వేలకు పైగా ఉన్నారు. అప్పు చేసి హైదరాబాదులో గది అద్దెకు తీసుకొని చదివిన నిజామాబాదు పిల్లలు వారిలో ఎందరో ఊహించుకొనవచ్చును. ఆ కార్యాలయానికి గేటు లేదా? కావలి లేదా? గదులకు తాళాలు లేవా? అన్నీ ఉన్నవి. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని మన పెద్దలు ఊరకే అనలేదు.

కొందరు మిత్రులు ఈ ఉదాహరణనే తిప్పి, "అక్కడ పాస్‌వర్డు ఉన్నది కదా, అది ఆపినదా?" అని అడిగినారు. ప్రశ్న సమంజసమైనదే. కాని దానివలన తేలేది ఏమిటి? ఒకరి చెవి మరొకరి చేతికి చిక్కరాదని తేలుతున్నది గాని, చెవియే అక్కరలేదని తేలడం లేదు. పైగా ఆ చెవి ఎవరిది, ఎప్పుడు వాడబడినది అన్న జాడ లేకపోతే విచారణ ఎక్కడ మొదలు పెట్టవలెను? తాళం లేని గిడ్డంగిలో అందరూ ఒకే పేరు గలవారు. ఏమి పోయినా అందరూ దోషులే, లేదా ఎవరూ దోషులు కారు.

బయటితో సంబంధం లేదన్న మాట కూడా నిలిచేది కాదు. 2010లో బయటపడిన స్టక్స్‌నెట్ అనే చీడ ఇరాన్ దేశపు నతాంజ్ అణు కేంద్రంలోని యంత్రాలను చెరిచినది. ఆ యంత్రాలకు ఇంటర్నెట్ సంబంధం లేదు; పెన్‌డ్రైవుల ద్వారా చీడ అక్కడికి చేరినదని నిపుణుల అభిప్రాయం. మా ప్రయోగశాలలో రోజుకు ఎన్ని పెన్‌డ్రైవులు ఎన్ని చేతులు మారుతున్నవో మాకు తెలుసు. మరొక సంగతి. ఈనాడు మూసి ఉన్న గది రేపు మూసి ఉంటుందని ఎవరు హామీ ఇవ్వగలరు? ఇంటి నుండి చూసుకొనడానికి వీలుగా ఉంటుందని ఎవరో ఒకరు ఒక తీగ కలుపుతారు. వేరే విభాగం వారు అదే స్విచ్‌కు వై-ఫై పెట్టె తగిలిస్తారు. 2017 జనవరిలో మాంగోడీబీ అనే సమాచార కోశాలు వేల సంఖ్యలో కొద్ది వారాలలోనే తుడిచిపెట్టబడినవి. వాటి స్థానంలో డబ్బు అడిగే చీటీలు వెలసినవి. ఆ దుండగులు ఏ తాళాన్నీ పగలగొట్టలేదు. పాస్‌వర్డు లేకుండానే నడుస్తున్న ఆ కోశాలు ఇంటర్నెట్ వైపు తలుపు తెరిచి ఉన్నవి. వాటి యజమానులలో చాలామంది "ఇది ప్రయోగం కోసమే, చిన్నదే, ఎవరు చూస్తారు" అనుకున్నవారై ఉంటారనడంలో సందేహం లేదు.

రెండవ ఆక్షేపణ మా మనసును ఎక్కువగా నొప్పించినది. పేద విద్యార్థుల కాగితాలకు విలువ ఏమున్నదన్న మాటను మేము అంగీకరించజాలము. విద్యార్థి ఉపకార వేతనానికి దరఖాస్తు చేసుకొనేటప్పుడు ఇచ్చేవి ఏమిటి? ఆధార్ సంఖ్య, బ్యాంకు ఖాతా, ఆదాయ ధ్రువపత్రం, తల్లిదండ్రుల వివరాలు, ఫోటో, మార్కుల జాబితా. దొంగ చేతికి ఇవి చిక్కితే బంగారమే. కేంద్ర అల్పసంఖ్యాక వ్యవహారాల మంత్రిత్వ శాఖ ఉపకార వేతనాల విషయంలో విచారణ జరిపించగా, పరిశీలించిన 1,572 సంస్థలలో 830 సంస్థలు బూటకమైనవిగా లేదా పని చేయనివిగా తేలినవని 2023లో వెల్లడైనది. నష్టం 144 కోట్ల 83 లక్షల రూపాయలని అంచనా వేసి, కేసును సీబీఐకి అప్పగించినారు. లేని విద్యార్థులను ఉన్నట్లు చూపడానికి ఎవరివో ఒకరి పేర్లు, ఖాతాలు, కాగితాలు కావలెను కదా! మనవంటి వారి కాగితాలకు విలువ లేదనుకొనే వారు ఈ అంకెలను ఒకసారి చదువుకొనవలెను.

అంతేకాదు. మూతపడిన కర్మాగారపు కార్మికుని ఇంటిలో మిగిలేది కాగితాలే. తండ్రి ఉద్యోగం పోయిన తరువాత కొడుకు చదువుకు ఆధారం ఆ ఆదాయ ధ్రువపత్రం, ఆ మార్కుల జాబితా. ధనవంతుని కాగితం పోతే మనిషిని పంపి నకలు తెప్పించుకుంటాడు. కూలికి పోయే తల్లి ఒక నకలు కోసం మూడు దినాల కూలి వదులుకొని తహసీలు కచేరి మెట్లు ఎక్కవలసి ఉంటుంది. కాబట్టి పేదవాని కాగితానికి విలువ తక్కువ కాదు, ఎక్కువ. 2023లో పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం కూడా ఇతరుల వ్యక్తిగత సమాచారాన్ని ఉంచుకొనే వారు తగిన రక్షణ ఏర్పాట్లు చేయవలెనని ఆదేశించినది. ఆ ఏర్పాట్లలో విఫలమైతే 250 కోట్ల రూపాయల వరకు జరిమానా విధించడానికి వీలు కల్పించినది.

చిన్న కూటమికి పరస్పర గుర్తింపు అవసరమా అన్న ప్రశ్నకు మన జిల్లాలోనే, మన కండ్ల ముందే ఒక చక్కని సమాధానం దొరికినది. 2019 లోక్‌సభ ఎన్నికలలో పసుపు, ఎర్రజొన్న రైతులు తమ గోడు దేశానికి వినిపించడానికై పెద్ద సంఖ్యలో నామినేషన్లు వేయగా, నిజామాబాదు నియోజకవర్గంలో 185 మంది అభ్యర్థులు రంగంలో నిలిచినారు. ఒక బ్యాలెట్ యూనిట్‌లో 16 మీటలు మాత్రమే ఉంటాయి. అందువలన నోటాతో కలిపి 186 పేర్లకు ప్రతి పోలింగ్ కేంద్రంలోనూ 12 బ్యాలెట్ యూనిట్లను ఒక కంట్రోల్ యూనిట్‌కు కలుపవలసి వచ్చినది. ఏప్రిల్ 11న మన అమ్మలు, అక్కలు, అన్నలు ఆ 12 యూనిట్ల బారు ముందు నిలబడి ఓటు వేసినారు. అందుకోసం వాడినవి ఎం-3 రకపు యంత్రాలు. వాటిలో ఒక ప్రత్యేకత ఉన్నది. కంట్రోల్ యూనిట్, బ్యాలెట్ యూనిట్ ఒకదానినొకటి గుర్తించి, అసలైనవని నిర్ధారించుకున్న తరువాతనే పని చేస్తాయి. బూటకపు యూనిట్‌ను తగిలిస్తే యంత్రం తప్పు చూపిస్తుంది.

ఈ సంగతిని కొంచెం ఆలోచించవలెను. ఆ యంత్రాలకు ఇంటర్నెట్ లేదు. అవి ఏ నెట్‌వర్క్‌కూ కలిపినవి కావు. ఒకే గదిలో, అధికారుల ఎదుట, ఏజెంట్ల ఎదుట, పోలీసు కావలిలో ఉన్నవి. ఎన్నికల అనంతరం వాటిని రెండు తాళాల స్ట్రాంగ్ రూములో భద్రపరచినారు. ఇంతకంటే మూసిన గది ఎక్కడ ఉంటుంది? అయినా అందులోని యంత్రాలు "నీవు ఎవరు?" అని పరస్పరం అడగకుండా మాట్లాడుకోవు. గది తాళం గదిని కాపాడుతుంది. యంత్రపు చెవి మాటను కాపాడుతుంది. ఒకటి ఉన్నదని రెండవదానిని వదులుకొనడం వివేకం కాదని ఆ 12 యూనిట్లు మనకు నేర్పినవి.

మూడవ ఆక్షేపణలో మాత్రం నిజం ఉన్నదని ఒప్పుకొనక తప్పదు. యంత్రంపై భారం స్వల్పమే. సెఫ్ వ్యవస్థ పత్రాలలో కూడా, నెట్‌వర్క్ సురక్షితమైనదైతే ఆ కొద్ది భారాన్ని తప్పించుకొనడానికి తాళం తీయవచ్చునని చెప్పి, ఆ వెంటనే అది సాధారణంగా తగదని హెచ్చరించినారు. అసలు భారం మనుషులది. మన ప్రాంతంలో కరెంటు పోవడం, రావడం మామూలే. పాత కంప్యూటరులో చిన్న బ్యాటరీ చచ్చిపోయి ఉంటే, కరెంటు వచ్చిన తరువాత దాని గడియారం ఏ పాత సంవత్సరాన్నో చూపుతుంది. చీటీకి గడువు ఉన్న చోట గడియారం తప్పితే చీటీ చెల్లదు. సరియైన చెవి ఉన్నవాడు కూడా బయట నిలబడవలసినదే. ఈ బాధ మేము స్వయంగా పడినాము. ఒక పూట అంతా తాళాన్ని తిట్టుకున్న తరువాత, తప్పు గడియారానిదని తెలిసినది. దీనికి మందు తాళం తీసివేయడం కాదు. కొద్ది రూపాయల బ్యాటరీ మార్చడం, గడియారాలను ఒకదానితో ఒకటి సరిచూసుకొనే ఏర్పాటు చేయడం.

చెవి పోతే సమాచారం పోతుందన్న భయం కూడా సగం అపోహ. సమాచారాన్నే గూఢలిపిలోకి మార్చి దాచితే, దాని చెవి పోయిన నాడు నిజంగానే సర్వం పోతుంది. సెఫెక్స్ చెవి అటువంటిది కాదు. అది ద్వారపాలకుని గుర్తు మాత్రమే. ప్రధాన చెవి పోయినా, మానిటర్ యంత్రం ముందు కూర్చునే అధికారం ఉన్నవాడు మానిటర్ సొంత చెవితో దానిని తిరిగి పొందవచ్చును. అయినా చెవి తెలిసిన ఒక్క అధ్యాపకుడు బదిలీ అయి పోతే ఏమి అన్న ప్రశ్న ఉండనే ఉన్నది. దానికి మన కచేరీలు వెనుకటి నుండీ పాటిస్తున్న పద్ధతే శరణ్యం. ఖజానా గదికి రెండు తాళాలు, ఇద్దరి చేతులలో రెండు చెవులు. ప్రధాన చెవి ప్రతిని లక్క ముద్ర వేసిన కవరులో పెట్టి, ప్రిన్సిపాల్ గారి ఇనుప బీరువాలో ఉంచి, ఇచ్చి పుచ్చుకొన్నప్పుడు రిజిస్టరులో సంతకం చేయించడం ఏ కళాశాలకూ శక్తికి మించిన పని కాదు.

ఇక మమ్ములను నిజంగా మేల్కొలిపిన సంఘటన చెప్పవలసి ఉన్నది. మా చిన్న గిడ్డంగిలో తాళం ఉన్న రోజులలోనే అది జరిగినది. సౌకర్యం కోసమని మేము ప్రధాన చెవిని, అనగా సర్వాధికారాలు గల చెవిని, ప్రయోగశాలలోని ప్రతి కంప్యూటరులోనూ పెట్టి ఉంచినాము. మొదటి సంవత్సరం తమ్ముడు ఒకడు అభ్యాసం చేస్తూ, తాను తయారు చేసిన డిస్కు అనుకొని, గ్రంథాలయం వారి పాత ఉర్దూ, తెలుగు సంచికల ఛాయాప్రతులు ఉన్న డిస్కును తొలగించినాడు. మూడు యంత్రాలలో మూడు ప్రతులు ఉన్నవి కదా అని మేము ధైర్యంగా ఉన్నాము. కాని యంత్రం చెడినప్పుడు మాత్రమే మూడు ప్రతులు ఆదుకుంటాయి. తొలగించమని ఆజ్ఞ ఇస్తే మూడింటినీ ఒకే విధేయతతో తొలగిస్తాయి! బయట మరొక డిస్కులో ప్రతి ఉండడం వలన నాలుగు దినాల శ్రమతో బయటపడినాము. ఆ తమ్ముడు కండ్ల నీళ్లు పెట్టుకున్నాడు. తప్పు అతనిది కాదు. అంత పెద్ద చెవిని అతని చేతిలో పెట్టిన మాది.

దీనిని చూపి ఒక పక్షం వారు "తాళం ఉన్నా ఫలితం లేదని తేలినది" అన్నారు. మేము అనేది వేరు. అందరి చేతిలో ఉన్న చెవి చెవి కాదు. సెఫెక్స్‌లో ఒక్కొక్కరికి ఒక్కొక్క చెవి ఇచ్చి, ఆ చెవితో ఏ భాగాన్ని చదవవచ్చునో, ఏ భాగంలో వ్రాయవచ్చునో హద్దులు గీయవచ్చును. గ్రంథాలయపు భాగాన్ని చదవడానికి మాత్రమే వీలున్న చెవి ఆ తమ్ముని వద్ద ఉండి ఉంటే, అతని ఆజ్ఞను గిడ్డంగి తిరస్కరించి ఉండేది. తాళంచెవి దొంగకు మాత్రమే అడ్డు అనుకొనడం పొరపాటు. చిన్న చోట దొంగల కంటే పొరపాట్లే ఎక్కువ. నలుగురు నేర్చుకొనే చోట, నలుగురి చేతులు పడే చోట, తాళంచెవి మంచివానిని తన తప్పు నుండి కాపాడుతుంది. చిన్న గిడ్డంగికి తాళం కావలెననడానికి ఇదే మా దృష్టిలో అన్నింటికంటే బలమైన కారణం.

అయితే తాళం వేసినంత మాత్రాన నిశ్చింతగా నిద్రపోవచ్చునని మేము చెప్పడం లేదు. సెఫెక్స్ ఎవరు వచ్చినారో చూస్తుంది. తీగలపైన పోయే సమాచారాన్ని దాచదు. అందుకు వేరే ఏర్పాటు కావలెను. 2019 నాటి నాటిలస్ సంచికలో అది వచ్చినది. ఈ తాళంలో కూడా లోపాలు లేకపోలేదు. తీగపై పోయే పలకరింపును విని, దానినే మళ్లీ వినిపించి లోపలికి రావడానికి వీలున్నదని 2018లో బయటపడినది. 2021లో మరొక లోపం తెలిసినది. రెండింటినీ సరిదిద్దినారు. సరిదిద్దిన సంచికను తెచ్చుకొని పెట్టుకొనడం వాడేవారి బాధ్యత. అన్నింటికీ మించి, వేరొక చోట మరొక ప్రతి లేని గిడ్డంగికి ఎన్ని తాళాలు వేసినా ప్రయోజనం లేదు.

తాళం అక్కరలేని చోట్లు ఉన్నవని కూడా న్యాయంగా చెప్పవలెను. నేర్చుకొనడానికి ఒకే కంప్యూటరులో మూడు మిథ్యా యంత్రాలు కట్టి, ఉత్తుత్తి సమాచారం నింపి, సాయంత్రానికి తుడిచివేసే విద్యార్థి తాళం తీసి చూసినా తప్పు లేదు. తీసి చూస్తేనే దాని విలువ తెలుస్తుంది. కాని ఏ క్షణాన అందులో మరొకరి కాగితం ఒక్కటి చేరుతుందో, ఆ క్షణం నుండి అది ఆటవస్తువు కాదు. మా నిర్ణయం సారాంశం ఇదే: తాళం అవసరాన్ని యంత్రాల సంఖ్యతో కొలవరాదు. లోపల ఉన్నది ఎవరి సొత్తు, దానిని తాకే చేతులు ఎన్ని అన్న రెండు ప్రశ్నలతో కొలవవలెను.

మన ప్రాంతపు పాత దఫ్తరు భాషలో అమానతు అనే చక్కని మాట ఉన్నది. ఉర్దూ వారికి, తెలుగు వారికి ఇద్దరికీ తెలిసిన మాట. ఒకరు నమ్మి మన వద్ద ఉంచిన సొత్తు అని దాని అర్థం. అమానతు విషయంలో "చిన్నదే కదా" అన్న మాటకు చోటు లేదు. ఒక విద్యార్థి తన తండ్రి ఆదాయపు కాగితాన్ని మన చేతికి ఇచ్చినప్పుడు, అతడు మన యంత్రాలు మూడా, మూడు వేలా అని అడగడు. భద్రంగా ఉంచుతారని నమ్ముతాడు. దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్లు, నష్టం జరిగిన తరువాత తాళాల కోసం వెదకడం మనకు తగదు. ఈ సంవత్సరం మా గిడ్డంగిలో తాళం ఉన్నది. ఎవరి చెవి వారిది. ప్రధాన చెవి బీరువాలో ఉన్నది. గడియారాలు సరిగా నడుస్తున్నవి. మా తరువాత వచ్చే తమ్ముళ్లు, చెల్లెండ్రు విసుగు చెంది ఆ తాళాన్ని తీసివేయబోయే ముందు, ఈ పుటలను ఒకసారి తిరగవేయవలెనని మా మనవి.